అన్నయ్య గొంతులో వెలుగు

మా అన్నయ్య గొంతులో క్యాన్సర్ ఉందని తెనాలిలో ఒక డాక్టరు అన్నాడు. రేపల్లె చుట్టుపక్కల ఊళ్ళన్నీ నమ్మేశాయి. దాదాపు నెల రోజులపాటు ఆ గొంతు గురించి మాట్లాడని మనిషి లేడు, ఆ గొంతులోకి తొంగి చూసిన మనిషి మాత్రం ఒక్కరూ లేరు. రెండేళ్ళు కావస్తున్నా ఆ రోజులు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎవరి మీద ఎంత మండాలో తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

అన్నయ్య నాకన్నా ఆరేళ్ళు పెద్ద. భట్టిప్రోలుకి దగ్గర్లో ఒక ఊళ్ళో ఉంటాడు. వేదం చదువుకున్నవాడు. గుళ్ళో స్వామి కల్యాణం చేయించినా, చుట్టుపక్కల పెళ్ళిళ్ళు చేయించినా అన్నీ ఆ గొంతు మీదే నడిచాయి. మైకు పెడతామంటే వద్దనేవాడు. పందిట్లో చివరి వరసలో కూర్చున్న ముసలమ్మకి కూడా మాట మాటా వినపడేది.

ఆ గొంతు తయారైంది మా ఇంటి అరుగు మీద. వేదంలో ఒక్కో భాగాన్ని పనస అంటారు. నాన్న ఒక్కో పనసని అన్నయ్య చేత వందసార్లు చెప్పించేవారు. దాన్నే వల్లె వేయడం అంటాం. నేను గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ వినేదాన్ని. ఆడపిల్లకి నేర్పరు కాబట్టి నాకు నేర్పలేదు. ఒకసారి అన్నయ్య తడుముకుంటే నేను అందించబోయాను. నాన్న నా వంక చూసిన చూపుకి చేతిలో చేట కింద పెట్టి లోపలికి పోయాను. తర్వాత నేను బీఎస్సీ చదివి, తెనాలిలో హైస్కూల్లో ఫిజికల్ సైన్సు టీచర్నయ్యాను. ముప్పై మూడేళ్ళు పిల్లలకి కొలతలు, ప్రయోగాలు చెప్పి రిటైరయ్యాను.

వల్లె అలవాటు మాత్రం అన్నయ్యని వదల్లేదు. బస్సు కోసం నిలబడినా, కరెంటు పోయి చీకట్లో కూర్చున్నా, క్షవరానికి తలొంచినా పెదాలు కదులుతూనే ఉంటాయి. మనసులో అనుకుంటే చెల్లదు. స్వరం పైకి వెళ్ళాలి, కిందికి రావాలి, నోరు పలకాలి. అరిచి చెప్పకపోయినా గొంతు లోపల పని జరుగుతూనే ఉంటుంది. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎంత తెలుసంటే అదొక పని అని కూడా మాకు తోచదు.

హెర్నియా ఆపరేషన్ కోసం అన్నయ్యని తెనాలి తీసుకొచ్చాను. ఆపరేషన్‌కి ముందు తీసే ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద చిన్న మచ్చ కనబడింది. పాత మచ్చో, కొత్త జబ్బో తెలియాలంటే పెట్ స్కాన్ తీయించాలన్నాడు ఊపిరితిత్తుల డాక్టరు. స్కాన్ గుంటూరులో. అన్నయ్యకి భయం వేసింది. నాకు మాత్రం, దాచుకోవడం ఎందుకు, కొంచెం ఉత్సాహంగానే ఉంది. కార్లో వెళ్తూ దారి పొడుగునా పాఠం చెప్పాను. రేడియోధార్మికత కలిపిన చక్కెరని రక్తంలోకి ఎక్కిస్తారు, గంట ఆగుతారు, ఒంట్లో ఎక్కడ చక్కెర ఎక్కువ ఖర్చవుతుంటే అక్కడ తెర మీద వెలుగు కనపడుతుంది, క్యాన్సర్‌కి ఆకలి ఎక్కువ కాబట్టి అది ఎక్కడున్నా దొరికిపోతుంది అని. పరికరం అబద్ధం చెప్పదు అన్నయ్యా అన్నాను. నా క్లాసులో ప్రతి ఏడూ చెప్పిన మాటే అది.

స్కాన్ సెంటర్లో కౌంటర్ దగ్గరున్న అమ్మాయి కాగితాలు నా ముందుకి తోసి, ఇక్కడొక సంతకం, ఇక్కడొక సంతకం ఆంటీ అంది. పెట్టాను. షుగరుందా, పొద్దున్నించి ఏమన్నా తిన్నారా అని అడిగి లోపలికి పంపారు. సూది వేశాక పేషెంటు గంటసేపు ఒక్కడే ఒక గదిలో ఉండాలట, ఆ మందు వల్ల పక్కన మనుషులు కూర్చోకూడదట. టెక్నీషియన్ మర్యాదస్తుడే. కదలకండి బాబాయ్‌గారూ, ఫోన్ చూడకండి అని చెప్పాడు. మందమైన తలుపు ముందు అరవై ఎనిమిదేళ్ళ అన్నయ్య నా చెయ్యి వదల్లేదు.

"భయపడకు అన్నయ్యా. నీ వల్లె నువ్వు వేసుకో. గంట ఇట్టే గడిచిపోతుంది," అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఇంకెవరో కాదు.

తలుపు ఎంత మందమైనా కాసేపటికి అన్నయ్య స్వరం వరండాలోకి వచ్చింది. మొదట సన్నగా, తర్వాత భయం తగ్గినకొద్దీ గట్టిగా. నా పక్కన కూర్చున్న ఒకావిడ, భర్త రిపోర్టు కోసం వచ్చిందట, చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. అటుగా పోతున్న నర్సు చెప్పుల చప్పుడు తగ్గించి నడిచింది. టెక్నీషియన్ ఒకసారి తలుపు దాకా వచ్చి, చెయ్యి గడియ మీద పెట్టి, ఒక నిమిషం నిలబడి వెనక్కి వెళ్ళిపోయాడు. నాకు గర్వంగా అనిపించింది. మా అన్నయ్య అని పక్కావిడతో చెప్పుకున్నాను కూడా.

రిపోర్టు మూడో రోజున తెనాలి డాక్టరు ముందుకి వచ్చింది. ఆయన కంప్యూటర్ తెర మావైపు తిప్పాడు. మనిషి ఆకారం నల్లగా, బూడిద రంగుగా ఉంది. ఊపిరితిత్తిలో మచ్చ ఉన్న చోట వెలుగు లేదు. అంటే అది ఎప్పుడో మానిపోయిన మచ్చ. నేను ఊపిరి పీల్చుకునేలోపే ఆయన వేలు పైకి జరిగింది. గొంతు దగ్గర రెండు వైపులా కాకరపువ్వొత్తులు వెలిగించినట్టు ఉంది.

"అసలు సమస్య ఇక్కడండి," అన్నాడు.

తర్వాత ఆయన చెప్పినవన్నీ తెరకే చెప్పాడు. గుంటూరులో పెద్ద సర్జన్ ఉన్నాడు, ఆయన దగ్గర నాలుగు వారాల తర్వాత గాని రోజు దొరకదు, ముక్క తీసి పరీక్ష చేస్తారు, రేడియేషన్ ఇవ్వచ్చు, ముదిరిపోయి ఉంటే స్వరపేటిక తీసేస్తారు. పక్కనే కుర్చీలో ఆ స్వరపేటిక ఉన్న మనిషి కూర్చుని ఉన్నాడు. నోరు తెరవమనలేదు. మెడ ముట్టుకుని చూడలేదు. గొంతు బొంగురుపోతోందా, మింగితే నొప్పి ఉందా అని అడగలేదు. గ్రహణం పట్టింది మొదలు విడిచేదాకా ఆగకుండా జపం చేసే మనిషిని ఆ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, కథ అక్కడితో ఆగిపోయేది.

అన్నయ్య అడిగాడు. "తీసేస్తే మాట వస్తుందాండి?"

మెడ దగ్గర చిన్న మిషను ఆనించుకుని మాట్లాడేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారని డాక్టరు ధైర్యం చెప్పాడు. అన్నయ్య దండం పెట్టి లేచాడు. ఆ మిషనుతో స్వరం ఎలా పలుకుతుందని నన్ను గాని, ఆయన్ని గాని అడగలేదు.

ఆ సాయంత్రం నుంచి నోరు కట్టేసుకున్నాడు. వాడితే జబ్బు పెరుగుతుందని ఎవరు చెప్పారో, తనకే తోచిందో తెలియదు. ఏం కావాలన్నా పాత క్యాలెండర్ కాగితాల వెనక రాసి వదినకి చూపించేవాడు. వల్లె ఆగిపోయింది. పొద్దున్నే ఆ ఇంట్లో పనసలు వినపడకపోయేసరికి పక్కింటివాళ్ళు ఏమైందని వచ్చారు. వాళ్ళు వెళ్ళాక సంగతి భట్టిప్రోలు బస్టాండుకి, అక్కణ్ణించి ఆటోల్లో రేపల్లెకి చేరడానికి ఒక పూట కూడా పట్టలేదు.

గుడి పెద్దలు వచ్చి, పంతులుగారూ మీరు విశ్రాంతి తీసుకోండి అన్నారు. ఎంత ప్రేమగా అన్నారో! ఆ ఏడు కల్యాణానికి రేపల్లె నుంచి వేరే ఆయన్ని మాట్లాడుకుని వచ్చాకే ఆ ప్రేమ ఒలకబోశారు. ముహూర్తాలు పెట్టించుకున్న రెండిళ్ళవాళ్ళు ఫోన్ చేయడం మానేశారు. జబ్బు మనిషి చేత పెళ్ళి మంత్రాలు చెప్పిస్తే ఎలా అన్నారట. నలభై ఏళ్ళుగా వాళ్ళ నాన్నలకీ అన్నలకీ పెళ్ళి చేసిన మనిషి! నిజాంపట్నంలో కొత్త పడవకి పూజ చేయించాల్సిన ఒక ఆసామి మాత్రం ఇంటికే వచ్చాడు. "మీరు మంత్రం చెప్పకపోయినా పర్లేదండి, వచ్చి ఒక కొబ్బరికాయ కొట్టండి, నాకంతే చాలు," అన్నాడు. అన్నయ్య వెళ్ళలేదు గాని, ఆ మనిషి వెళ్ళిపోయాక చాలాసేపు గోడవైపు తిరిగి కూర్చున్నాడని వదిన చెప్పింది.

మూడు వారాలు గడిచాక నేను ఆగలేకపోయాను. బాపట్లలో ఒకమ్మాయి చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా ఉంది. నా దగ్గర పదో తరగతి చదివిన పిల్ల. ఆ పిల్ల ముందే గుర్తు రావాల్సింది. పెద్ద మిషను చెప్పాక చిన్న డాక్టరు ఏం చూస్తుందిలే అనుకుని ఉంటాను. సైన్సు టీచర్ని కదా. అన్నయ్యకి సర్దిచెప్పి కారెక్కించేసరికి ఒక పూట పట్టింది.

ఆ అమ్మాయి మమ్మల్ని చూడగానే లేచి నిలబడింది. ముందు అన్నయ్య మెడ రెండు చేతులతో తడిమింది. ముక్కులోంచి దీపమున్న సన్న గొట్టం పోనిచ్చి, చిన్న తెర మీద గొంతు లోపలంతా నాకు చూపించింది. రెండు తెల్లటి పట్టీలు, ఊపిరితో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. ఎక్కడా గడ్డ లేదు, పుండు లేదు. ఈ వయసులో ఇంత ఆరోగ్యంగా ఉన్న గొంతు నేను చూడలేదండి టీచర్‌గారూ అంది. అప్పుడు రిపోర్టు అడిగి తీసుకుంది. తెనాలిలో డాక్టరు మొదటి పేజీలో ఆగిపోయాడు, ఈ పిల్ల చివరి పేజీకి వెళ్ళింది. అక్కడ అడుగున ఒక వాక్యం ఉంది. ఈ వెలుగు కండరాల పని వల్ల కూడా రావచ్చు, రోగిని స్వయంగా పరీక్షించి నిర్ధారించుకోవాలి, అని దాని అర్థం.

చదివి తల పైకెత్తి అన్నయ్యని అడిగింది. "సూది వేశాక ఆ గంటసేపు మీరేం చేశారండి?"

అన్నయ్య నా వంక చూశాడు. ఇరవై నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పాడు. "వల్లె వేసుకున్నానమ్మా."

ఆ పిల్ల పెన్ను బల్ల మీద పెట్టేసింది. తర్వాత, పాపం, నేను నొచ్చుకోకుండా చాలా నెమ్మదిగా చెప్పింది. పని చేసే కండరం చక్కెర తింటుంది. గంటసేపు ఆగకుండా స్వరంతో చదివితే గొంతులో కండరాలన్నీ ఆ చక్కెరని లాక్కుంటాయి. అందుకే ఆ గంట మాట్లాడకూడదు, ఏమీ నమలకూడదు. "స్కాన్ తప్పు చెప్పలేదండి టీచర్‌గారూ. ఆయన చేసిన పనిని ఉన్నదున్నట్టు చూపించింది. దాన్ని చూసి జబ్బు అనుకున్నది మనుషులే."

అన్నయ్యని ఇంటి దగ్గర దింపి, వదిన ఆగమన్నా ఆగకుండా తెనాలి వచ్చేశాను. మర్నాడు పొద్దున్నే తెనాలి డాక్టరు దగ్గరికి వెళ్ళి బాపట్ల డాక్టరు రాసిన కాగితం బల్ల మీద పెట్టాను. చదివాడు. "అయితే మంచిదే కదండి," అన్నాడు. మంచిదేనట! కల్యాణం పోయింది, పెళ్ళిళ్ళు పోయాయి, మనిషి క్యాలెండర్ కాగితాల మీదకి వచ్చాడు, ఈయనకి మంచిదే. చివరి పేజీ ఎందుకు చదవలేదని అడిగాను. అన్ని రిపోర్టుల్లోనూ ఆ వాక్యం ఉంటుందండి, అది మామూలే అన్నాడు. మామూలే కాబట్టి చదవరట. బయట పేషెంట్లు తలుపులోంచి చూస్తున్నా వినిపించుకోకుండా నేను చెప్పాల్సింది చెప్పే వచ్చాను.

అదే ఊపులో గుంటూరు వెళ్ళాను. కౌంటర్ దగ్గర అదే అమ్మాయి. మాట్లాడకూడదని ఒక్కళ్ళు, ఒక్క ముక్క చెప్పారా అని అడిగాను. నా గొంతుకి లోపలున్నవాళ్ళు కూడా బయటికొచ్చారు. ఆ అమ్మాయి బెదరలేదు. ఫైలు వెతికి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. ఇంగ్లీషులో, చీమలంత అక్షరాలతో, పన్నెండు సూచనలు. ఏడోది: సూది వేసిన తర్వాత మాట్లాడరాదు, నమలరాదు. అడుగున, చదివి అర్థం చేసుకున్నాను, పేషెంటుకి వివరించాను, అని అచ్చులో ఉంది. దాని కింద నా సంతకం.

ప్రశ్నపత్రం పూర్తిగా చదవకుండా జవాబులు మొదలుపెట్టిన పిల్లల్ని నేను ముప్పై మూడేళ్ళు నిలబెట్టి తిట్టాను. తర్వాత ఇంటికి వెళ్ళాక చూస్తే ఆ కాగితం రెండో కాపీ నా ఫ్లాస్కు మూత వదులైతే బిగింపుగా మడిచి పెట్టి ఉంది.

అయినా ఆ కౌంటర్ దగ్గర నా నోరు మూతపడలేదు. తెలుగువాళ్ళకి ఇంగ్లీషులో ఎందుకిచ్చారని ఎదురు తిరిగాను. అందరికీ అదే ఇస్తామండి అంది ఆ అమ్మాయి. అప్పుడు ఆ టెక్నీషియన్ ముందుకొచ్చాడు. తలుపు గడియ మీద చెయ్యి పెట్టి వెనక్కి వెళ్ళిన మనిషి. తల వంచుకుని చెప్పాడు.

"ఆ రోజు ఆపుదామనే వచ్చానండి. లోపల వేదం చదువుతుంటే మధ్యలో ఆపమని ఎలా అంటానండి? పాపం కదండి."

అతన్ని తిట్టలేకపోయాను. వరండాలో చేతులు జోడించిన ఆవిడ, నడక తగ్గించిన నర్సు, గర్వపడ్డ నేను అందరం అతని పక్కనే నిలబడ్డట్టు అనిపించింది. భక్తితో ఊరుకున్నాం. అంత పెద్ద మిషను పెట్టి, అంత చదువుకుని, నోరు మూసుకోండి పంతులుగారూ అనే చిన్న మాట ఒక్కళ్ళకీ నోటికి రాలేదు. కోపం తగ్గలేదు గాని, అది ఒక్క చోట నిలవడం మానేసింది. ఆ సూచనలన్నీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిస్తే తలుపు మీద అంటిస్తారా అని అడిగాను. పైవాళ్ళని అడగాలండి అన్నారు. ఇప్పటిదాకా అడుగుతూనే ఉన్నట్టున్నారు.

మర్నాడు అన్నయ్య దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఏడో సూచన, నా సంతకం, ఫ్లాస్కు మూత కూడా దాచలేదు. నన్ను తిట్టు అన్నాను. అన్నయ్య మెల్లగా, "నువ్వు చదివి చెప్పినా నేను ఊరుకునేవాణ్ణి కాదే అమ్మాయ్. ఒక్కణ్ణే కూర్చుంటే నాకింకేం చేతనవును," అన్నాడు. అలా క్షమించేస్తుంటే నాకు ఇంకా మండింది.

కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి అరుగు మీద తూర్పుముఖంగా కూర్చున్నాడు. వదిన గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మొదటి పనస ఎత్తుకున్నాడు. వాడకం లేక గొంతు జీరగా ఉంది. రెండో పనసకి జీర పోయింది. ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. మూడో పనస మధ్యలో స్వరం పైకి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ సరిగ్గా అక్కడే ఆగాడు. ఏడేళ్ళ వయసు నుంచి, నోరు కట్టేసుకునేదాకా, ఏ రోజూ తప్పకుండా చెప్పిన పనస అది. మూడోసారి ఆగినప్పుడు స్వరం కోసం ఎత్తిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. అన్నయ్య ముఖంలో అంత భయం స్కాన్ గది తలుపు దగ్గర కూడా చూడలేదు.

తర్వాత వచ్చే మాట నాకు తెలుసు. గుమ్మంలో చేటతో కూర్చుని వందసార్లు విన్నాను. నాన్న చూపు గుర్తొచ్చింది. ఒళ్ళు మండింది. చెప్పేశాను.

అన్నయ్య ఇటు చూడకుండానే ఆ మాట అందుకుని ముందుకు వెళ్ళాడు. ఇంకో రెండు పనసలు దాటాక మళ్ళీ ఆగాడు. ఈసారి నా వైపు తిరిగాడు.